ఈ-వే బిల్లు పోర్టల్: ఎనుమాముల ఖరీదుదారు చూడాల్సిన లెక్క

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో పది టన్నుల మిర్చి కొని గుంటూరు పంపాలంటే కాంటా, తక్‌పట్టీ (అమ్మకం లెక్క చిట్టీ), హమాలీ, లారీ కిరాయి అన్నీ తేలాక చివరగా మిగిలేది ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం. పది నిమిషాల పని. అందులో పొరపాటు జరిగితే మాత్రం ఆ లోడు మీద వచ్చే లాభమంతా దారిలోనే పోతుంది. పన్ను ఎగవేతను పట్టే పనిముట్టుగా ఈ పోర్టల్‌కు 5కు 4 ఇవ్వొచ్చు. వ్యాపారికి అందే సేవగా చూస్తే 3 దాటదు.

2017 జూలై 1న జీఎస్టీ రాగానే వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. వాటి స్థానంలో 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య సరుకుకు, ఏప్రిల్ 15 నుంచి తెలంగాణ లోపల తిరిగే సరుకుకు ఈ-వే బిల్లు తప్పనిసరైంది. అసలు పరీక్ష కరోనా ఏడాదిలో వచ్చింది. 2019 ఏప్రిల్‌లో దేశమంతటా 1.13 లక్షల కోట్లు దాటిన జీఎస్టీ వసూలు 2020 ఏప్రిల్‌లో 32 వేల కోట్లకు పడిపోయింది. రాష్ట్రాలకు పరిహారం ఇవ్వడానికి సెస్సు చాలక, కేంద్రం 2020-21లో 1.1 లక్షల కోట్లు, మరుసటి ఏడాది 1.59 లక్షల కోట్లు అప్పు తెచ్చి రాష్ట్రాలకిచ్చింది. ఖజానా అలా ఎండినప్పుడు ఒక పక్క సడలింపులిచ్చారు: 2020 మార్చి 24లోపు తీసి, లాక్‌డౌన్‌లో గడువు తీరిన బిల్లులను జూన్ 30 దాకా చెల్లనిచ్చారు. ఇంకో పక్క కారుతున్న చోట్లు పూడ్చడం మొదలైంది. 2021 జనవరి 1 నుంచి బిల్లు చెల్లుబాటు రోజుకు 100 కిలోమీటర్లు కాదు, 200. లారీ ఎంత త్వరగా చేరాలో తేలితే అదే బిల్లు మీద రెండో ట్రిప్పు కొట్టడానికి సమయం తగ్గుతుందన్నమాట. రిటర్నులు ఎగ్గొట్టినవాళ్లకు బిల్లులు ఆపేయడాన్ని కరోనా కాలంలో పక్కన పెట్టి, 2021 ఆగస్టు 15 నుంచి మళ్లీ అమలు చేశారు.

ఇక వాడకం. సరుకు విలువ పన్నుతో కలిపి 50 వేలు దాటితే బిల్లు తీయాలి. బిల్లులో రెండు భాగాలు. పార్ట్-ఏలో ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడు (ఎండుమిర్చికి 0904, పత్తికి 5201), రెండు వైపులా పిన్‌కోడ్లు. పార్ట్-బిలో లారీ నంబరు. దూరాన్ని పోర్టల్ పిన్‌కోడ్లను బట్టి తనే లెక్కగడుతుంది, దాని మీద 10 శాతం వరకే పెంచుకోనిస్తుంది. ఇది మంచి కట్టడి. దూరం ఎక్కువ చూపి గడువు పెంచుకునే పాత ఎత్తు ఇక్కడే ఆగిపోతుంది.

చెల్లుబాటు గడువు పార్ట్-బి మొదటిసారి నింపినప్పటి నుంచి మొదలవుతుంది. మొదటి రోజు అంటే మర్నాటి అర్ధరాత్రి దాకా. సోమవారం సాయంత్రం తీసిన బిల్లు హైదరాబాద్‌కైతే మంగళవారం అర్ధరాత్రి దాకా, 200 కిలోమీటర్లు దాటే గుంటూరుకైతే బుధవారం అర్ధరాత్రి దాకా నడుస్తుంది. దారిలో టైరు పేలినా, ఇంజిన్ ఆగినా గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరాక 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. గడువు తీరే రాత్రి బండి ఆగిందని డ్రైవరు పొద్దున ఫోన్ చేస్తే గుమస్తా మధ్యాహ్నం పోర్టల్ తెరుస్తాడు, అప్పటికి ఆ 8 గంటలు దాటిపోతాయి. లోడు పంపినవాళ్లు గడువు టైమును డ్రైవరుకిచ్చే చిట్టీ మీదే పెద్దగా రాసిపెట్టాలి.

లారీ నంబరు దగ్గర జరిగే తప్పులు ఎక్కువ. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చింది. పాతవి టీఎస్03, ఇంకా పాతవి ఏపీ36 అలాగే తిరుగుతున్నాయి. అలవాటులో టీజీకి బదులు టీఎస్ కొట్టినంత మాత్రాన లారీని పట్టి పన్ను లెక్కన జరిమానా వేయకూడదు. 2018 సెప్టెంబర్ 14న వచ్చిన 64వ సర్క్యులర్ ప్రకారం బండి నంబరులో ఒకటి రెండు అక్షరాలు తప్పినా, పేరులో అక్షరదోషమున్నా, గడువు పెరగని విధంగా పిన్‌కోడ్ తప్పినా జరిమానా సీజీఎస్టీ (కేంద్రం వాటా) 500, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 500 రూపాయలు మాత్రమే. ఈ సర్క్యులర్ ప్రతి ఒకటి లారీ క్యాబిన్‌లో ఉండాలి. ఇంత ముఖ్యమైన విషయం బిల్లు ముద్రణలో ఎక్కడా కనపడకపోవడం పోర్టల్‌కున్న పెద్ద లోపం.

బిల్లు లేకపోవడం, గడువు తీరడం లాంటి అసలు తప్పు దొరికితే లెక్క వేరు. క్వింటాలు 15 వేల చొప్పున వంద క్వింటాళ్ల మిర్చి 15 లక్షలు, 5 శాతం పన్ను 75 వేలు. 2022 జనవరి నుంచి యజమాని ముందుకొస్తే జరిమానా పన్నుకు రెట్టింపు, అంటే లక్షన్నర. యజమాని రాకపోతే సరుకు విలువలో సగం, ఏడున్నర లక్షలు. అప్పీలుకు పోవాలన్నా జరిమానాలో 25 శాతం ముందు కట్టాలన్నది అప్పుడు పెట్టిన షరతే. కష్టకాలం ముగిసేటప్పటికి చట్టం ఇంత బిగిసింది. జీరో దందా (బిల్లు లేని వ్యాపారం) చేసేవాడి సంగతి అటుంచి, గడువు చూసుకోని నిజాయితీపరుడినీ ఇదే జరిమానా సెక్షన్ కింద నిలబెట్టడం న్యాయం కాదు.

పత్తి దగ్గర ఇంకో చిక్కుంది. రైతు తన పత్తిని యార్డుకు తెచ్చుకోవడానికి బిల్లు అక్కర్లేదు. యార్డులో కొని జిన్నింగ్ మిల్లుకు తరలిస్తే మాత్రం కొన్న మిల్లే ‘ఇన్‌వర్డ్’ (లోపలికి వచ్చే సరుకు) ఎంచుకుని, పంపినవారి జీఎస్టీ నంబరు గడిలో యూఆర్‌పీ (రిజిస్ట్రేషన్ లేని వ్యక్తి) అని కొట్టి బిల్లు తీయాలి. 2017 నవంబర్ 15 నుంచి రైతు దగ్గర కొన్న పత్తి మీద 5 శాతం పన్ను అమ్మినవాడికి బదులు కొన్నవాడే కట్టాలి, దీన్నే రివర్స్ చార్జ్ అంటారు. దాన్ని నగదుగా కట్టాకే క్రెడిట్ తీసుకోవాలి. 50 కిలోమీటర్ల లోపు అయితే బిల్లే వద్దనే మాట చాలా చోట్ల వినపడుతుంది, అది తప్పు. ఆ మినహాయింపు రాష్ట్రం లోపల పంపినవారి దగ్గర నుంచి ట్రాన్స్‌పోర్టు గోదాముకు, చివరగా ఆ గోదాము నుంచి అందుకునేవారికి పోయే సరుకుకు, అదీ పార్ట్-బి వరకే. పార్ట్-ఏ నింపాల్సిందే.

బియ్యం సంగతి వేరే. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు లేబుల్ వేసిన సంచికి 5 శాతం పన్ను పడింది, వెంటనే 26 కిలోల సంచులు మార్కెట్లోకి వచ్చాయి. అది చట్టం లోపలి దారి, ఎగవేత కాదు. పన్ను లేని ఆ సంచులకు ఈ-వే బిల్లూ ఉండదు.

ఎగవేతదారులు వాడే కంతలు మూడు. ఒకటి, బిల్లు తీసి లారీ చేరగానే 24 గంటల్లో రద్దు చేయడం. దారిలో అధికారి తనిఖీ చేసి పోర్టల్‌లో ఎక్కించిన బిల్లు రద్దు కాదు కాబట్టి తనిఖీ జరిగితేనే ఈ కంత మూసుకుంటుంది. రెండు, హైదరాబాద్ లాంటి దగ్గరి ఊళ్లకు ఒకే బిల్లు మీద రెండు ట్రిప్పులు. దీనికి ఫాస్టాగ్ వివరాలు బిల్లులతో కలపడం మంచి మందు, ఎందుకంటే ఒకే బండి ఒకే టోల్‌గేటును రెండుసార్లు దాటిన ఆనవాలు మిగులుతుంది. మూడు, ఒకే లోడును 49 వేల చొప్పున తెల్ల చిట్టీలుగా (లెక్కలోకి రాని కాగితాలుగా) ముక్కలు చేయడం. దీన్ని పోర్టల్ ఏమీ చేయలేదు, బిల్లే పుట్టదు కదా. లారీ ఎక్కి బస్తాలు లెక్కపెట్టే మనిషి కావాల్సింది ఇక్కడే. మార్కెట్ ఫీజు రికార్డు, తక్‌పట్టీలు, 3బి రిటర్ను (అమ్మకాలు, కట్టిన పన్ను చూపే జీఎస్టీ రిటర్ను) మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత సరుకు కాగితం మీదికి రాలేదో తేలుతుంది.

వరుసగా రెండు 3బి రిటర్నులు ఆపితే అమ్మకం సరుకుకు బిల్లు పుట్టదు. యార్డు నిండా మిర్చి ఉన్న మార్చిలో ఇలా ఆగితే నష్టం జరిమానాతో పోదు. టర్నోవరు 5 కోట్ల లోపువాళ్లు క్యూఆర్‌ఎంపీ (మూడు నెలల రిటర్ను, నెలనెలా పన్ను పద్ధతి) ఎంచుకుంటే రిటర్ను మూడు నెలలకోసారే, తెలంగాణకు గడువు తర్వాతి నెల 22. మొదటి రెండు నెలల పన్ను మాత్రం ఆయా తర్వాతి నెల 25లోపు చలానాతో కట్టాలి.

2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఓటీపీ లాగిన్ తప్పనిసరైంది. ఫోన్ యజమాని దగ్గర, కంప్యూటర్ గుమస్తా దగ్గర ఉంటే రాత్రి లోడింగ్ ఆగుతుంది. గుమస్తా నంబరుతో సబ్-యూజర్ ముందే పెట్టుకోవాలి.

ఎవరూ పెద్దగా వాడని రెండు సదుపాయాలున్నాయి. తనిఖీ పేరుతో లారీని 30 నిమిషాలకు మించి ఆపితే పోర్టల్‌లోని ఈడబ్ల్యూబీ-04 ఫారంలో ఆ సంగతి నమోదు చేయొచ్చు. దారిలో వేధింపుపై రాతపూర్వక సాక్ష్యం ఇదొక్కటే. రెండోది, మన జీఎస్టీ నంబరు మీద ఇతరులు తీసిన బిల్లులను చూసి 72 గంటల్లో ‘రిజెక్ట్’ కొట్టే వీలు. బోగస్ ఇన్‌వాయిస్‌లు నడిపేవాళ్లు ఎవరి నంబరైనా వాడుకోగలరు. ఆ గడువు దాటితే ఒప్పుకున్నట్టే లెక్క, కొనని సరుకుకు నోటీసు మన పేరు మీదే వస్తుంది. యార్డుకు సెలవున్న రోజుల్లో కూడా రెండు రోజులకోసారి ఆ పేజీ తెరిచి చూడాలి.