ఇరాక్ 2005: ఎన్నిక అప్పుడే పెట్టడమా, ఆరు నెలలు ఆపడమా?

సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయంటూ అమెరికా 2003 మార్చిలో ముందస్తుగా ఇరాక్ మీద పడింది. ఆయుధాలు దొరకలేదు, తిరుగుబాటు మాత్రం అంటుకుంది. అలాంటి చోట కొత్త రాజ్యాంగం రాసే సభకు 2005 జనవరి 30న ఓటింగ్ పెట్టడమంటే ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వాయిదా వేయమన్నవాళ్లలో సున్నీ నేత, మాజీ విదేశాంగ మంత్రి అద్నాన్ పచాచీ ఒకరు. ఆ వాదనలో పస ఉంది: 2004 నవంబరులో అమెరికా సేనల దాడికి సున్నీల ఊరు ఫల్లూజా దాదాపు ఖాళీ అయింది, జనవరి 4న బాగ్దాద్ గవర్నర్‌నే కాల్చి చంపారు, చాలామంది అభ్యర్థులు ప్రాణభయంతో పేరు కూడా బయటపెట్టలేదు, మరి ఓటరు ఎవర్ని చూసి ఓటేయాలి?

షియా మతపెద్ద సిస్తానీ మాత్రం తేదీ మారడానికి వీల్లేదన్నారు. ఆపితే బాంబులు పెట్టేవాళ్లే గెలిచినట్టు, పైగా ఆరు నెలల్లో హింస తగ్గుతుందని గ్యారంటీ ఏముంది?

చివరికి వాహనాలు ఆపేసి, సరిహద్దులు మూసేసి పెట్టారు. జనం నడిచే వెళ్లి, ఊదా సిరా అంటిన వేలు చూపించారు. పోలింగ్ దేశం మొత్తం మీద 58 శాతం, సున్నీల అన్బార్ ప్రావిన్సులో 2 శాతం! దేశమంతా ఒకే నియోజకవర్గం చేసి (జనాభా లెక్కలు లేవు, ఇదే సులువన్నారు) మొత్తం ఓట్ల లెక్కన సీట్లు పంచడంతో ఓటేయని ప్రాంతాలకు సీట్లూ పోయాయి, 275లో 140 షియా కూటమికే.

నన్నడిగితే తేదీకంటే ఆ పద్ధతే ఎక్కువ కొంప ముంచింది. డిసెంబరు ఎన్నికల్లో ప్రావిన్సుల వారీగా సీట్లు పంచితే సున్నీలూ క్యూ కట్టారు, కానీ అప్పటికే అక్టోబరులో రాజ్యాంగం పాసైపోయింది.