ఆకు అచ్చులకు క్లిప్ మాక్రో లెన్స్: మూడేళ్ల వాడకం తర్వాత

ఫోన్‌కు తగిలించే 10ఎక్స్ (పది రెట్లు పెద్దగా చూపే) లెన్స్ ఇది. వాడింది ఎక్కువగా ఒంగోలు దగ్గరి వేమవరం షేల్‌లో (పొరలుగా చీలే మట్టిరాయి) దొరికే శిలాజ ఆకు అచ్చుల మీద. లెన్స్ పరవాలేదు. అసలు మార్కులు మాత్రం పక్కనున్న పెన్ టార్చికే.

ఆ రాతిలో చాలా ఆకులు రంగుతో కాదు, గీత లోతుతో తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో తీస్తే ఈనెలు మాయం. రాయిని గొడుగు నీడలో పెట్టి, టార్చిని 10–15 డిగ్రీల వాలులో, రాతిని రాసుకుపోయేలా పట్టాలి. వెలుగు ఈనెలకు అడ్డంగా పడాలి, వాటి వెంట పడితే ఏమీ కనబడదు. అందుకే ఒక్కో ఆకుకు రెండు దిక్కుల నుంచి రెండు ఫోటోలు. ఫోటోలో వెలుగు ఎడమ పైమూల నుంచి వచ్చినట్టుంటే మంచిది. కింది నుంచి వస్తే కంటికి గుంట గట్టులా తోస్తుంది.

లెన్స్‌తో చిక్కేమిటంటే, రాతికి రెండున్నర సెంటీమీటర్ల దూరంలోగానీ ఫోకస్ కుదరదు, ఫోన్ నీడ రాతి మీదే పడుతుంది. అంచులు మసక. కాబట్టి రెమ్మ మొత్తాన్ని లెన్స్ లేకుండా తీసి, పత్రకం (రెమ్మలోని ఒక్కో చిన్న ఆకు) కాడకు అతుక్కునే చోట మాత్రమే లెన్స్ పెట్టాలి. ఏ శిలాజ మొక్కో పేరు తేలేది అక్కడే. పత్రకాలు కాడ పైముఖాన అతుక్కుని, మొదలు దగ్గర పై అంచు గుండ్రంగా, కింది అంచు కాడ మీదికి జారినట్టు, ఈనెలు ఇంచుమించు సమాంతరంగా ఉంటే టిలోఫిల్లమ్. పత్రకం మొదలు చెవితమ్మెలా ఉబ్బి, ఈనెలు విసనకర్రలా విచ్చుకుంటే ఓటోజమైటిస్. ఈనెలు వలలా అల్లుకుంటే డిక్టియోజమైటిస్. చీలికల్లేని పట్టీలాంటి ఆకు, నడుమ ఒక్క పెద్ద ఈనె ఉంటే టీనియోప్టెరిస్.

ఫోటో చూసి పేరు చెప్పే యాప్‌లను నమ్మొద్దు. ఈ శిలాజాలన్నీ వాటికి నేటి మొక్కలైన సైకాస్, లేదంటే ఫెర్న్. మార్కాపురం పలక మీది నల్లటి చెట్టు బొమ్మనూ మొక్కే అనేస్తాయి. అది పగుళ్ల వెంట పాకిన మాంగనీసు. ఆ పలక రాయి నేల మీద మొక్కలు పుట్టకముందుది. కొమ్మలుంటాయి, ఈనె ఉండదు.

కొలతకు రూపాయి బిళ్ల పెట్టొద్దు: 1992 నాటిది 25 మి.మీ., 2011ది 22, 2019ది 20. స్కేలు ముక్క పెట్టండి, ఆకు ఉన్న మట్టంలోనే.

షేల్‌ను తడిపితే పొరలు ఊడతాయి. తమిళనాడులోని అరియలూరు సున్నపురాతి శిలాజ పగడాలకైతే తడపడమే మేలు, పగడం లోపలి గోడల్లాంటి పలకలు తేటగా లెక్కకొస్తాయి. అక్కడ కెమెరా నిటారుగా పైనుంచే ఉండాలి.

ఇక లెన్స్ మన్నిక: క్లిప్ రబ్బరు అరిగింది, గాజు మీద గీతలు పడ్డాయి. షేల్ దుమ్మును ముందు బ్లోయర్‌తో ఊదకుండా గుడ్డతో తుడిచిన ఫలితం.