నలందా, విక్రమశిలా? ఒక్కటే చూసే వీలుంటే ఏది మేలు?

కాశీ, గయ యాత్రకు వెళ్లేవాళ్లు ఈ మధ్య పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. గయలో పిండప్రదానం అయిపోయింది, బుద్ధగయ కూడా చూశాం, చేతిలో ఇంకో రోజో రోజున్నరో మిగిలింది. నలంద అందరూ చూసేదేగా, విక్రమశిలలో జనం ఉండరట, అటు పోతే ఎలా ఉంటుంది అని.

రెండూ బీహార్‌లోనే ఉన్న పాతకాలపు బౌద్ధ విద్యాకేంద్రాల శిథిలాలు. ముందు దూరం సంగతి తేల్చేద్దాం. గయ నుంచి పొద్దున్నే కారు మాట్లాడుకుంటే రాజగృహం, నలంద రెండూ చూసుకుని రాత్రికి వెనక్కి వచ్చేయొచ్చు. విక్రమశిల అలా కుదరదు. అది భాగల్‌పూర్ జిల్లాలో, బీహార్‌కు తూర్పు కొసన, అంతీచక్ అనే పల్లెలో ఉంది. రైల్లో కహల్‌గావ్‌లో దిగి, అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకుని పల్లె దారుల్లో వెళ్లాలి. విక్రమశిల ఎక్స్‌ప్రెస్ పేరు చూసి అది నేరుగా అక్కడే దింపుతుందనుకోకండి, భాగల్‌పూర్‌తోనే ఆగిపోతుంది. పోనూ రానూ కలిపి రెండు రోజులు దానికే కేటాయించాలి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఇక ఆలోచించే పనే లేదు, నలందకే వెళ్లండి.

ఓపిక, సమయం రెండూ ఉన్నవాళ్ల సంగతి వేరు. అసలు పోలిక వాళ్ల కోసమే.

విక్రమశిలను పాల వంశపు రాజు ధర్మపాలుడు 8వ శతాబ్దం చివర, 9వ శతాబ్దం మొదట్లో కట్టించాడు. ఒక్కో వైపు దాదాపు 330 మీటర్లున్న చతురస్రం, నాలుగు వైపులా వరసగా 208 గదులు, నట్టనడుమ శిలువ ఆకారంలో మెట్లుమెట్లుగా లేచిన స్తూపం. ఉత్తరపు వాకిలి నుంచి లోపలికి నడిస్తే ప్లాన్ మొత్తం కళ్లముందు పరుచుకుంటుంది, గైడ్ అవసరం కూడా ఉండదు. స్తూపం గోడల మీద టెర్రకోట పలకలు చాలావరకు ఉన్నచోటే ఉన్నాయి. బుద్ధుడు, బోధిసత్వులు, హిందూ దేవతలు, మధ్యమధ్యలో జంతువులు, విలుకాళ్లు. కొన్ని గదుల కింద వంపు కప్పు ఉన్న నేలమాళిగలున్నాయి. నైరుతి వైపు గ్రంథాలయం అనుకుంటున్న కట్టడం ఉంది. పక్కనున్న నీళ్లతో దాన్ని చల్లగా ఉంచేవారని తవ్విన పండితుల అంచనా. 11వ శతాబ్దంలో టిబెట్‌కు వెళ్లి అక్కడి బౌద్ధాన్ని మళ్లీ నిలబెట్టిన అతీశ దీపంకరుడు ఈ విహారం ఆచార్యుడే. ఇంత ఉండి కూడా రద్దీ లేకపోవడం నిజంగా సుఖమే. తీరిగ్గా కూర్చుని ఒక్కో పలకా చూసుకోవచ్చు, వెనకనుంచి ఎవరూ తోసుకురారు.

అయినా నా ఓటు నలందకే. జనం ఉన్నారా లేరా అన్నది పొద్దున్నే గేటు తీసేసరికి వెళ్తే సగం తీరిపోయే సమస్య. శిథిలాల దగ్గర నేను చూసేది వేరే ఉంది. అక్కడ ఎన్ని కాలాలు కంటికి కనబడుతున్నాయి అన్నదే నాకు ముఖ్యం. విక్రమశిల ఒక్క ఊహతో గీసి కట్టిన కట్టడం. అందుకే అంత తేలిగ్గా అర్థమవుతుంది, అంత తేలిగ్గా అయిపోతుంది కూడా. నలంద 5వ శతాబ్దంలో గుప్త రాజు కుమారగుప్తుడి కాలంలో మొదలై ఏడు వందల ఏళ్లకు పైగా సాగింది. పాతది కూలితే దాని మీదే కట్టారు, చిన్నదైతే దాని చుట్టూ కట్టారు. అవన్నీ తవ్వకాల్లో బయటపడి, ఇప్పుడు పక్కపక్కనే కనిపిస్తాయి.

మూడో నంబరు గుడినే తీసుకోండి. అందరూ ఫొటోలు దిగేది దాని ముందే, ఫొటో దిగి వెళ్లిపోయేదీ అక్కణ్ణుంచే. మొదట అది చిన్న కట్టడం. దాని చుట్టూ, దాని మీదా పెంచుకుంటూ పోయి ఏడు దశల్లో అంత ఎత్తుకు తెచ్చారు. ఉత్తరం వైపు నిలబడి మెట్లు చూడండి. అవి ఒక్క మెట్లదారి కాదు, వేర్వేరు దశలవి ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. మూలల్లో గచ్చుబొమ్మలతో కనిపించే బురుజులు ఐదో దశవి. భక్తులు మొక్కుగా కట్టించిన చిన్న చిన్న స్తూపాలు చుట్టూ కిక్కిరిసి ఉంటాయి. గుడి పెరిగినకొద్దీ వాటిలో కొన్ని దాని కిందకే పోయాయి. పైకి ఎక్కనివ్వరు. ఎక్కకపోయినా నష్టం లేదు, కింద చుట్టూ తిరిగితేనే ఇదంతా తెలుస్తుంది.

ఒకటో నంబరు విహారంలో ఇంకా బాగా తెలుస్తుంది. ఇక్కడ తొమ్మిది పొరలు లెక్కగట్టారు. ఒక ముంగిలి గచ్చు మీద మరో గచ్చు, పాత గోడ మీద కొత్త గోడ, పాత కాలువకు పైన ఇంకో కాలువ. నడుస్తుంటే మీ కాలి కింద ఉన్నది ఏ శతాబ్దపు నేలో ఒక్కోచోట ఒక్కోలా మారిపోతుంది. సువర్ణద్వీపపు (ఇప్పటి సుమత్రా వైపు) రాజు బాలపుత్రదేవుడు నలందలో విహారం కట్టించాడని, దాని ఖర్చులకు ఐదు ఊళ్లు ఇమ్మని పాల రాజు దేవపాలుణ్ణి కోరాడని చెప్పే రాగిశాసనం దొరికింది కూడా ఇక్కడే. సముద్రం అవతలి రాజు ఇటుకలు పేర్పించేసరికే ఆ చోటు వయసు నాలుగు వందల ఏళ్లు. ఈ అనుభవం విక్రమశిలలో దొరకదు.

తూర్పున, విహారాల వరస దాటాక రెండో నంబరు గుడి ఉంది. చాలామంది అక్కడిదాకా వెళ్లరు. పీఠం చుట్టూ 211 రాతి పలకల మీద శివపార్వతులు, కిన్నరులు, విలుకాళ్లు ఉన్నారు. విక్రమశిల పలకలు చూడలేకపోయామన్న దిగులు ఉంటే ఇక్కడ కొంత తీరుతుంది.

గైడ్ల గురించి ఒక మాట. భక్తియార్ ఖిల్జీ అనే తురుష్క సేనాని దాడిలో గ్రంథాలయం నెలల తరబడి తగలబడిందన్న కథ తప్పకుండా చెబుతారు, వినండి. తగలబడ్డ ఆనవాళ్లు తవ్వకాల్లో దొరికిన మాట నిజమే. కానీ ఖిల్జీ దాడిని వర్ణించిన 13వ శతాబ్దపు చరిత్ర గ్రంథం తబఖాత్-ఇ-నాసిరీలో నలంద పేరు లేదు. అందులో చెప్పింది దగ్గర్లోని మరో విహారం ఒదంతపురి గురించని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ తర్వాత 1230ల్లో వచ్చిన టిబెట్ భిక్షువు ధర్మస్వామి, ఇక్కడ తొంభై ఏళ్లు దాటిన రాహుల శ్రీభద్రుడు డెబ్భై మందికి పాఠాలు చెబుతుండగా చూశాడు. ఆ సంగతి గైడ్లు చెప్పరు, ఎందుకో మరి.

మిగతావి రెండు ముక్కల్లో. ఒదంతపురి బీహార్ షరీఫ్ పట్టణం కింద ఉండిపోయింది, చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. తెల్హారా అనే చోట కూడా ఒక పాత విహారం బయటపడింది, కానీ అది తవ్వకాల మీద ప్రత్యేకంగా ఆసక్తి ఉన్నవాళ్లకు మాత్రమే. పహాడ్‌పూర్ సోమపుర విహారం విక్రమశిలకు అన్నదమ్ముల వరస, ధర్మపాలుడు కట్టించిందే, కానీ బంగ్లాదేశ్‌లో ఉంది కాబట్టి వీసా గొడవ.

విక్రమశిలకే వెళ్లాలని గట్టిగా అనుకుంటే, ఆ ఒక్కదాని కోసమే కాకుండా దగ్గర్లోని శివక్షేత్రం బటేశ్వరస్థాన్‌ను, గంగను కూడా కలుపుకోండి. సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ దాకా నది 1991 నుంచి డాల్ఫిన్ల అభయారణ్యం. అదృష్టం బాగుంటే పడవలోంచి ఒకటో రెండో కనిపిస్తాయి. అప్పుడు అంత దూరం వెళ్లినందుకు ప్రయాణం గిట్టుబాటవుతుంది.

నలందకైతే చలికాలంలో వెళ్లండి, శిథిలాల మధ్య నీడ తక్కువ. శుక్రవారం మాత్రం వద్దు. ఆ రోజు మ్యూజియానికి సెలవు, తవ్వకాల్లో దొరికిన కంచు విగ్రహాలు చాలా అందులోనే ఉన్నాయి.