చిక్కోలు పక్షుల దారిలో ఏ ట్రైపాడ్ నిలుస్తుంది: తేలినీలాపురం నుంచి కళింగపట్నం దాకా

చిక్కోలు, అంటే శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురంలో పెలికాన్ల గూళ్ళు మామూలు కంటికే కనిపిస్తాయి. పక్కనే ఉన్న నౌపడ ఉప్పుమళ్ళలో నీటి అంచున తిరిగే ఉల్లంకులు ఆవగింజల్లా ఉంటాయి, స్కోప్ (ట్రైపాడ్ మీద బిగించి ఒంటి కంటితో చూసే దుర్భిణి) లేకపోతే ఏది ఏదో తేలదు. తేలుకుంచిలో కొంగలు నెత్తి మీద ఉంటాయి. కళింగపట్నంలో కాలి కింద ఇసుక, ముఖం మీద గాలి. ఈ నాలుగు చోట్లకూ ఒకే ట్రైపాడ్ సరిపోవాలి. పైగా ఆర్టీసీ బస్సు పై అరలో పట్టాలి, షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకున్నా పక్కవాళ్ళకు గుచ్చుకోకూడదు.

తేలికైన ట్రైపాడ్ కోసం వెతికితే ముందుగా ఎదురయ్యేవి వేట రైఫిల్ కోసం విదేశాల్లో చేసినవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న మన దేశంలో వేటకు తావు లేదు గనుక ఆ సిఫార్సులు మనకు సగమే పనికొస్తాయి. రైఫిల్ పేల్చేవాడు ట్రైపాడ్ మీదికి ఒరిగి బరువు మోపుతాడు, తుపాకీ వెనక్కి తన్నే తన్నును కాళ్ళు ఓర్చుకోవాలి. అందుకే వాటి గొట్టాలు లావు, తలలో (కాళ్ళ పైన పరికరాన్ని బిగించి తిప్పే భాగంలో) రైఫిల్‌ను పట్టుకునే పట్టు ఉంటుంది, బరువు సులువుగా రెండున్నర, మూడు కిలోలు దాటుతుంది. మనం స్కోప్‌ను వేళ్ళతో తిప్పుతామంతే. మనకు తిప్పలు తెచ్చేవి గాలి, మనుషుల అడుగుల అదురు, బురద, ఉప్పు. అయినా వాటి నుంచి ఒక సంగతి తీసుకోవాలి: మంచి రైఫిల్ ట్రైపాడ్లకు చాలావాటికి నడిమి కాలమ్ (తలను ఇంకా పైకి లేపే మధ్య గొట్టం) ఉండదు. కాలమ్ పైకి లేపితే మూడు కాళ్ళ మీద ఒంటి కర్ర నిలబెట్టినట్టే, 40 రెట్ల జూమ్‌లో బొమ్మ ఊగుతూనే ఉంటుంది.

కాబట్టి కొనేటప్పుడు చూడాల్సింది కాలమ్ లేపకుండా వచ్చే ఎత్తు. కంటిభాగం 45 డిగ్రీలు వంగిన స్కోప్ అయితే సగటు ఎత్తు మనిషికి కాళ్ళు 125–130 సెం.మీ. వస్తే చాలు, పైన తల, స్కోప్ కలిసి ఇంకో 20 సెం.మీ. ఇస్తాయి. నిటారు స్కోప్‌కు మరో 15 సెం.మీ. కావాలి, ఆ మేరకు బరువూ పెరుగుతుంది. వంగిన స్కోప్ కొనడమే ట్రైపాడ్ బరువు తగ్గించుకునే మొదటి మార్గం. రెండోది కింది కాలి లావు. పెట్టె మీద 28 మి.మీ. అని రాసినది పై గొట్టం కొలత. నాలుగు మడతల (ఒకదాంట్లో ఒకటి దూరే నాలుగు ముక్కల) కాలైతే 28, 25, 22, 19 అంటూ దిగిపోతుంది. గాలికి వణికేది ఆ 19 మి.మీ. ముక్కే. అదే లావులో మూడు మడతలది తీసుకుంటే 22 దగ్గర ఆగుతుంది, కాకపోతే మడిచినప్పుడు బారెడవుతుంది. ఐదు మడతల ‘ట్రావెల్’ రకాలు ఈ తీరానికి వద్దు.

కార్బన్ కాళ్ళు అల్యూమినియం కంటే తేలిక, అదురు కూడా త్వరగా చల్లారుతుంది. 65 మి.మీ. స్కోప్‌కు (ముందు అద్దం వెడల్పు అది) కార్బన్ కాళ్ళు 1.2–1.5 కిలోలు, తల అర కిలో, మొత్తం రెండు కిలోల లోపు ఉంటే రోజంతా భుజాన మోయవచ్చు. మోయగల బరువంటూ రాసే 10, 15 కిలోల అంకెలను నమ్మి కొనకండి, ఒక్కో కంపెనీ ఒక్కో తీరున కొలుస్తుంది. కాళ్ళు పూర్తిగా చాపి, స్కోప్ పెట్టి, జూమ్ పెంచి, ఒక కాలి మీద వేలితో తట్టండి. ఒకటి రెండు సెకన్లలో బొమ్మ నిలబడితే మంచిది. తలను రెండు చేతులా పట్టి మెలితిప్పితే కాళ్ళు తిరిగినట్టనిపించకూడదు.

తలగా బాల్ హెడ్ (గుండు మీద ఎటైనా తిరిగేది) తేలికే గానీ స్కోప్‌కు సుఖం లేదు: మర వదులు చేయగానే ముందుకు వాలిపోతుంది. పొడుగు పిడి ఉన్న చిన్న ఫ్లూయిడ్ హెడ్ (కుదుపు లేకుండా మెత్తగా తిరిగేది) అయితే ఒంటి చేత్తో తిప్పుకోవచ్చు. 150–600 మి.మీ. లెన్స్‌తో ఎగిరే పక్షుల ఫొటోలు తీసేవాళ్ళకు గింబల్ (పెద్ద లెన్స్‌ను తూకంగా వేలాడదీసే తల) హాయి, కానీ చాలా రకాలు అవొక్కటే కిలో పైన తూగుతాయి.

ఇక చోట్లు. తేలినీలాపురం టెక్కలి మండలంలో ఉంది, శ్రీకాకుళం నుంచి దాదాపు 65 కి.మీ. సెప్టెంబరు నుంచి మార్చి దాకా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు ఊరి చెట్ల మీద గూళ్ళు కడతాయి. చూడటానికి వాచ్ టవర్ ఉంది. మంచి ట్రైపాడ్ ఉన్నా బొమ్మ ఆడేది ఇక్కడే, ఎందుకంటే పైకి ఎక్కేవాళ్ళ ప్రతి అడుగూ నేల గుండా కాళ్ళలోకి వస్తుంది. నేల మధ్యలో కాక స్తంభాలకు దగ్గరగా నిలబెట్టండి. కాళ్ళ చివరి ఇనుప ముళ్ళను లోపలికి తిప్పి రబ్బరు కొసలు ఆనించండి, జూమ్ 20–30 మధ్యే ఉంచండి. గూళ్ళు దగ్గరే కాబట్టి అంతకు మించి అవసరం రాదు. ఆదివారం జనం ఎక్కువ, మామూలు రోజు పొద్దున ఏడు లోపు చేరితే టవర్ మీ ఒక్కరిదే అనుకోవచ్చు.

నౌపడ తంపర (చిత్తడి నేల), ఉప్పుమళ్ళు అసలు పరీక్ష. మళ్ళ గట్లు మెత్తన, ఒక్కో కాలు ఒక్కో లోతుకు దిగుతుంది. మూడు కాళ్ళనూ ముందు గట్టిగా నొక్కి, దిగడం ఆగాకే స్కోప్ బిగించాలి. ఏటవాలు గట్టు మీద రెండు కాళ్ళు పల్లం వైపు, ఒకటి మెరక వైపు. బురదలో కాలు చాపేటప్పుడు అన్నిటికన్నా కింది సన్న ముక్కను ముందు లాగండి. అలా చేస్తే దాని తాళం (ముక్కను బిగించే పట్టు) బురదకు పైన ఉంటుంది. చాలామంది లావు ముక్క నుంచి మొదలుపెడతారు, తాళాలన్నీ ఉప్పునీళ్ళలో మునుగుతాయి, మర్నాటికి కిరకిరమంటాయి. గాలికి కదలకుండా ట్రైపాడ్ అడుగున ఉండే కొక్కేనికి సంచి వేలాడదీయమని అందరూ చెబుతారు. వేలాడి ఊగే సంచి ఇంకా చెడుపు, దాని అడుగు నేలకు తాకేలా కట్టాలి. ఎండెక్కాక నీటి మీద గాలి మరుగుతున్నట్టుంటుంది. అప్పుడు 60 రెట్లు పెట్టినా బొమ్మ కరిగిపోతుంది, ఆ తప్పు ట్రైపాడ్‌ది కాదు.

తేలుకుంచి ఇచ్ఛాపురం మండలంలో, ఒడిశా సరిహద్దు వైపు. ఇక్కడికి వచ్చేవి నత్తగుల్ల కొంగలు, వానాకాలం మొదట్లో వచ్చి నవంబరు, డిసెంబరు దాకా ఉంటాయి. అంటే తేలినీలాపురంతో కలిపి చూడాలంటే సెప్టెంబరు నుంచి నవంబరు దాకానే వీలు దొరుకుతుంది, తుపానులూ అప్పుడే. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11న. వాతావరణ హెచ్చరిక చూశాకే గది మాట్లాడుకోవడం మేలు. ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కాబట్టి తేలుకుంచికి 8x42 (8 రెట్లు పెద్దదిగా చూపే, 42 మి.మీ. అద్దాల) బైనాక్యులర్ చాలు, ట్రైపాడ్ గదిలో వదిలేసినా నష్టం లేదు. తెచ్చుకుంటే కాళ్ళు బారచాపి దారికి అడ్డం పెట్టవద్దు, బళ్ళు, పశువులు తిరిగే దారి అది. ఇళ్ళ పెరటి వైపు లెన్స్ తిప్పే ముందు ఇంటివాళ్ళను అడగాలి. గూడు కింద నిలబడితే రెట్ట లెన్స్ మీద పడుతుంది, గొడుగు మరవకండి.

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట పొద్దెక్కాక గాలి జోరు. కింది ముక్క అసలు లాగకుండా, కూర్చుని చూసేంత ఎత్తులోనే పెట్టండి. గాలి ఎటు పోతుందో ఒక కాలు అటు ఉండాలి. ఇసుకలో కాళ్ళు దిగిపోతుంటే ఒక్కోదాని కింద వెల్లకిలా ఒక కొబ్బరి చిప్ప పెడితే ఆగుతాయి, ఆ చుట్టుపక్కల చిప్పలకు కొరత లేదు.

బస విషయానికొస్తే, శ్రీకాకుళంలో హోటళ్ళు ఎక్కువ, గదులు నయం. రైల్లో వచ్చేవాళ్ళు దిగాల్సిన శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, ఆటో ఖర్చు లెక్కలో వేసుకోండి. అక్కడుండి తెల్లారేసరికి తేలినీలాపురం చేరాలంటే ఐదుకే బయల్దేరాలి, అందుకు కారు తప్పదు. టెక్కలిలో మామూలు లాడ్జీలే, కానీ ఆటోలో తేలినీలాపురం దగ్గర. ముందు రోజు సాయంత్రమే రానుపోను మాట్లాడుకోవాలి, మధ్యాహ్నం ఊరి నుంచి తిరుగు ఆటో దొరకడం కష్టం. పలాస పెద్ద రైల్వే స్టేషన్, తినడానికి దొరుకుతుంది, తేలుకుంచి కూడా కలుపుకుంటే అదే మంచి మజిలీ. కళింగపట్నం, శాలిహుండం బౌద్ధ స్తూపాలు కూడా చూసేవాళ్ళే శ్రీకాకుళంలో దిగండి.

ఏ గది అయినా తీసుకునే ముందు బాత్రూంలో కుళాయి తిప్పి నీళ్ళు నోట పెట్టి చూడండి. తీరం వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉండొచ్చు, వాటితో ట్రైపాడ్ కడిగితే ఉప్పు మీద ఉప్పే. కార్బన్ గొట్టానికీ అల్యూమినియం తాళానికీ మధ్య ఉప్పునీరు నిలిస్తే అల్యూమినియం తెల్లగా పొడి రాలుతూ తినుకుపోతుంది. ఉప్పుమళ్ళ నుంచి వచ్చిన రోజునే కాళ్ళన్నీ చాపి, తిప్పుడు తాళాలు పూర్తిగా విప్పి, మంచినీళ్ళతో కడగాలి. విప్పినప్పుడు గొట్టం చివర రెండు అర్ధచంద్రాల ప్లాస్టిక్ ముక్కలు ఊడి వస్తాయి, ఏ కాలివి ఆ కాలికే, పైభాగం పైకే ఉండేలా పెట్టాలి. తలకిందులైతే కాలు తిరుగుతుంది, తాళం బిగియదు. మీట తాళాలకు ఈ బాధ తక్కువ, కానీ వాటి మర వదులైతే బిగించడానికి అలెన్ కీ కావాలి. అదీ, స్కోప్‌ను తలకు బిగించే ప్లేటు ఒకటి అదనంగానూ సంచిలో ఉంచుకోండి. ఈ దారిలో ట్రైపాడ్ విడిభాగాలు దొరుకుతాయని నమ్ముకోవద్దు. కడిగాక మడవకుండా ఫ్యాన్ కింద రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున మరలకు చుక్క గ్రీజు రాసి బిగించండి.