నోటీసు లేని ఆర్డరు చెల్లదు: ఏపీఈఆర్‌సీ సేవపై ఒక సమీక్ష

ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు ఛార్జీలను ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఏపీఈఆర్‌సీ, మామూలు వినియోగదారుడికి చేసే అసలైన సేవ ఒకటుంది: డిస్కంలు (ఇంటింటికీ కరెంటు పంపిణీ చేసే కంపెనీలు) అడిగిన డబ్బుకు ఒప్పుకునే ముందు మన మాట కూడా వినడం. ఆ సేవను తూచడానికి జస్టిస్ సి.వి.నాగార్జునరెడ్డి ఛైర్మన్‌గా ఉన్న కాలం సరైనదని నా అభిప్రాయం. న్యాయవాదిగా వృత్తి మొదలుపెట్టి, హైకోర్టు న్యాయమూర్తిగా పదవీ విరమణ చేసి, 2019లో ఆయన ఈ బాధ్యత చేపట్టారు. మండలిలో న్యాయరంగం నుంచి కనీసం ఒక్కరైనా ఉండితీరాలని అంతకు ముందు ఏడాదే సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో తేల్చిచెప్పింది.

అది ఎందుకు అవసరమో 2021 నాటి ట్రూఅప్ (అంచనాకు మించి అయిన పాత ఖర్చును తర్వాత బిల్లుల్లో రాబట్టడం) వ్యవహారంలో తెలిసింది. 2014-15 నుంచి 2018-19 వరకు అయిన అదనపు ఖర్చు కింద 3,669 కోట్ల రూపాయల వసూలుకు మండలి ఆ ఆగస్టులో అనుమతించింది. బిల్లులు చూసి జనం గగ్గోలు పెట్టారు. విచారణకు ముందు రావలసిన పత్రికా ప్రకటన సక్రమంగా రాలేదన్న అభ్యంతరంపై మండలి తన ఉత్తర్వును తానే ఉపసంహరించుకుని, వసూలైన సొమ్మును సర్దుబాటు చేయమని చెప్పి, మళ్లీ విచారణ జరిపింది. 2022 మార్చిలో చివరకు అనుమతించిన మొత్తం సుమారు 2,910 కోట్లు. ఇచ్చిన ఆర్డరును పట్టుకుని వేలాడకుండా అవతలి పక్షానికి నోటీసు అందిందా లేదా అని వెనక్కి చూసుకోవడం కోర్టులో అలవడే గుణం, ఈ సేవలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చేది దానికే.

ఛార్జీలను ఖరారు చేస్తూ మండలి ఇచ్చే టారిఫ్ ఆర్డరులో ప్రతి అభ్యంతరం కింద డిస్కం జవాబు, దాని కింద కమిషన్ అభిప్రాయం వరుసగా అచ్చవుతాయి. మనం రాసినది చదివారా లేదా అన్న అనుమానానికి అక్కడ తావుండదు.

లోపాలూ చిన్నవి కావు. డిస్కంల ప్రతిపాదనలు వందల పేజీల ఇంగ్లీషు పట్టికలు; మోటారు మీద బతికే రైతు వాటిని చదివి అభ్యంతరం రాయాలనడం న్యాయం కాదు. ట్రూఅప్‌లోనూ, ఎప్పుడో పాత కిరాయిదారు వాడిన కరెంటుకు ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్నవారు కట్టాల్సి వచ్చింది. నోటీసు విషయంలో అంత పట్టుదల చూపిన మండలి ఈ అన్యాయానికీ దారి చూపి ఉండాల్సింది. సొంత బిల్లు తప్పుగా వస్తే మాత్రం ఇక్కడికి రాకూడదు, ముందు డిస్కం పరిధిలోని వినియోగదారుల ఫోరంకు, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి.

వచ్చే ఏడాది ఛార్జీల ప్రతిపాదనలు మామూలుగా నవంబరు చివరికల్లా దాఖలవుతాయి కాబట్టి, ఆ తర్వాత వచ్చే పత్రికా ప్రకటనను గమనించి, మీ కేటగిరీ పట్టిక ఒక్కటైనా చూసి, గడువులోగా తెలుగులోనే అభ్యంతరం పంపండి.