ఆదోనిలో బడి కబుర్లు: ఏ దారిన వస్తే నమ్మొచ్చు

పిల్లల బడిలో వచ్చే వారం ఏముందో తెలుసుకోవాలంటే ఆదోనిలో ఇప్పుడు ఐదు దారులున్నాయి. బడి నోటీసు బోర్డు, క్లాస్ టీచరు నడిపే వాట్సాప్ గ్రూపు, ప్రభుత్వం పెట్టిన ‘మన మిత్ర’ వాట్సాప్ నంబరు, దినపత్రికల జిల్లా పేజీలు, ఇక ఎక్కడ పుట్టాయో తెలియని ఫార్వర్డ్‌లు. ఐదింటినీ ఇక్కడ ఒకే కొలతతో చూశాం: గడువు దాటకముందే, ఏ కాగితాలు కావాలో సహా, కబురు తల్లిదండ్రులకు అందిందా లేదా. అయిపోయిన కార్యక్రమం ఫొటోలు ఎంత బాగా వచ్చినా వాటికి మార్కుల్లేవు.

కబురు ఆలస్యమైతే ఎంత పడుతుందో పదో తరగతి పరీక్ష ఫీజును చూస్తే తెలుస్తుంది. రెగ్యులర్ విద్యార్థికి 125 రూపాయలు. గడువు దాటితే ఆలస్య రుసుము మొదట 50, తర్వాత 200, ఆఖరికి 500. అంటే 125తో పోయేది 625 దాకా లాగుతుంది. ఇలాంటి గడువులు చాలావరకు వచ్చిపడేది దసరాకూ సంక్రాంతికీ నడుమ. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు ఊళ్లు సుగ్గికి, అంటే వలస కూలికి, కదిలేదీ ఆ నెలల్లోనే. మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు పోయినవాళ్లకు బడి గోడమీద ఏం అంటించినా ఒకటే. కాబట్టి ఈ ప్రాంతంలో ఫోనులో చేరని కబురు చేరనట్టే లెక్క.

ముందు మన మిత్ర. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైంది. నంబరు 95523 00009. ఈ నంబరు సేవ్ చేసుకొని ‘హాయ్’ అని పెడితే మెనూ వస్తుంది, అందులో విద్యా సేవల్లోకి వెళ్లాలి. పదో తరగతి హాల్ టికెట్ కావాలంటే దరఖాస్తు నంబరు గానీ చైల్డ్ ఐడీ గానీ, దాంతో పాటు పుట్టిన తేదీ ఇవ్వాలి. ఫలితాలకు హాల్ టికెట్ నంబరు ఉంటే చాలు, పీడీఎఫ్ ఫోనుకే వస్తుంది. 2025 ఏప్రిల్ 23న పది ఫలితాలు వచ్చినప్పుడు ఈ దారి బాగా అక్కరకొచ్చింది. ఫలితాల పూట బోర్డు వెబ్‌సైట్ మీద ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. నెట్ సెంటరు ముందు నిలబడే పని తప్పింది.

హాల్ టికెట్ చేతికొచ్చాక చాలామంది పేరు, ఫొటో చూసి మడిచి పెట్టేస్తారు. ఉర్దూ, కన్నడ మీడియం పిల్లలూ ఉన్న ఆదోనిలో మొదట చూడాల్సింది ప్రథమ భాష, మీడియం ఉన్న గళ్లు. అక్కడ తప్పు పడితే మన మిత్ర దిద్దదు, దాని పని చూపించడం వరకే. సవరణ హెడ్మాస్టరు ద్వారానే జరగాలి, అదీ పరీక్షలకు ముందే. ఇంకో మాట, పరీక్ష రోజుల్లో ఆ హాల్ టికెట్ చూపిస్తే ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులో టికెట్ అక్కర్లేదు. అందుకని ఫోనులో పీడీఎఫ్ ఉంది కదా అని ఊరుకోకుండా రెండు ప్రింట్లు తీసి పెట్టుకోవాలి.

బడికి పోయే పిల్లల తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చే ‘తల్లికి వందనం’ స్థితి కూడా ఇందులోనే ఆధార్ నంబరుతో చూడొచ్చు. 2025 జూన్‌లో 15,000లో 2,000 బడి నిర్వహణకు పోను తల్లి ఖాతాలో పడింది 13,000. డబ్బు రాలేదన్నవాళ్లలో చాలామంది చిక్కు ఒకటే. బ్యాంకులో ఆధార్ ఇచ్చాం కదా అంటారు. ఆధార్ నకలు ఇవ్వడం వేరు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో ఆధార్‌కు ముడిపెట్టడం) వేరు. రెండు మూడు ఖాతాలుంటే, చివరిగా ఏ ఖాతాకు మ్యాపింగ్ అయిందో డబ్బు అందులోనే పడుతుంది. పాస్‌బుక్ ఎక్కడో ఎత్తిపెట్టి మరిచిపోయిన ఖాతా అయినా సరే. సచివాలయంలో అడిగితే ఏ బ్యాంకుకు మ్యాప్ అయిందో చెబుతారు. అది చూసుకున్నాకే అర్జీ రాయండి.

ఇంత బాగున్నా మన మిత్ర అడిగితే చెప్పే మనిషే. ఎనిమిదో తరగతి పిల్లకు స్కాలర్‌షిప్ పరీక్ష ఒకటుందని తెలియని తల్లి దాన్ని ఏమని అడుగుతుంది? జవాబులకు పదికి తొమ్మిది, రాబోయేది చెప్పడానికి మూడు.

ఆ లోటు తీర్చాల్సింది క్లాస్ గ్రూపు. బాగా నడిస్తే దీన్ని మించింది లేదు, చెడితే దీనంత దండగ ఇంకోటి లేదు. గ్రూపు చెడిపోయే తీరు ఊరూరా ఒకటే: శుభోదయాలు, దేవుడి పటాలు, ‘ఓకే సార్’లు నలభై. వాటి మధ్య గడువు తేదీ కొట్టుకుపోతుంది. మందు తేలికే. సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చాలి. గడువున్న మెసేజ్‌ను పిన్ చేయాలి. పిన్‌కు 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని మూడు గడువులుంటాయి. స్కాలర్‌షిప్‌లకు 30 రోజులదే ఎంచుకోవాలి. ఒకేసారి మూడు మెసేజ్‌లే పిన్ అవుతాయి కాబట్టి అభినందనలకు, పుట్టినరోజులకు ఆ చోటు వాడొద్దు.

ఇక మెసేజ్ రాసే తీరు. ‘ఎన్‌ఎంఎంఎస్ నోటిఫికేషన్ వచ్చింది, అర్హులు సద్వినియోగం చేసుకోగలరు’ అని రాస్తే సద్వినియోగం చేసుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఇలా ఉండాలి:

‘ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష. మన బడిలో 8వ తరగతి వాళ్లకే. ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 దాటకూడదు. 7వ తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. ఎంపికైతే 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000. తేవాల్సినవి: ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఆధార్ నకలు. బడిలో ఇవ్వాల్సిన ఆఖరు రోజు ఫలానా తేదీ, ఫలానా వారం.’

ఆ ఆఖరు రోజు నోటిఫికేషన్‌లో ఉన్న గడువుకు కనీసం వారం ముందుండాలి. ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో అడిగిన పూటే చేతికి రాదు. సుగ్గికి పోయిన ఇంటివాళ్లయితే తిరిగి రాలేక ఎవరో బంధువు చేత తెప్పించుకోవాలి. తారీఖుతో పాటు వారం పేరు కూడా రాయడం మంచిది, కూలికి పోయేవాళ్లకు వారమే గుర్తుంటుంది. ఇదే మెసేజ్‌ను అర నిమిషం వాయిస్‌గా కూడా పెడితే చదువురాని అవ్వాతాతల దగ్గర ఉండే పిల్లలకు మేలు. హొళగుంద వైపు కన్నడ కలిపి మాట్లాడే ఇళ్లకైతే రాత కన్నా ఆ వాయిసే ఎక్కువ అందుతుంది.

ఈ స్కాలర్‌షిప్‌లో గ్రూపులు సగం దారిలో వదిలేసే కబురు ఒకటుంది. పరీక్షలో రెండు పేపర్లు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఎంపికైన పిల్లల ఫొటోలు గ్రూపులో మెరుస్తాయి, అక్కడితో సరి. అసలు పని తర్వాతే ఉంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయాలి, ఆ తర్వాత ఏటేటా రెన్యూవల్ చేయించాలి. ఖాతా పిల్ల పేరునే ఉండాలి, దానికి ఆధార్ ముడిపడి ఉండాలి. బడి రికార్డులో ‘ఖాదర్ బాషా’, ఆధార్‌లో ‘ఖాదర్ భాష’ అని ఉంటే డబ్బు ఆగేది అక్కడే. రెన్యూవల్ గుర్తుచేసే గ్రూపుకు పదికి పది ఇవ్వొచ్చు, ఫొటోలతో ఆగిపోయేదానికి నాలుగు.

కేంద్ర ప్రభుత్వ వసతి బడి నవోదయ సంగతిలో గ్రూపులు దెబ్బతినేది వేరే కారణానికి. ఎమ్మిగనూరు దగ్గరి బనవాసి నవోదయలో ఆరో తరగతికి 80 సీట్లు. ఐదో తరగతి చదివే ఏడాది ఒక్కసారే రాయొచ్చు, మళ్లీ అవకాశం లేదు. దరఖాస్తులు తెరిచేది సాధారణంగా వేసవి చివర, బడులు తెరిచిన రోజుల్లో. అప్పటికి ఐదో తరగతి కొత్త గ్రూపు ఇంకా పుట్టి ఉండదు. నాలుగో తరగతి గ్రూపును ఏప్రిల్‌లో మూసేయకుండా ఆగస్టు దాకా ఉంచితే ఈ చిక్కు ఉండదు. చిన్న పనే, చేసే బడులు తక్కువ.

నోటీసు బోర్డును పాతకాలపుదని తీసిపారేయలేం. సంతకం, తేదీ, నంబరు మూడూ ఉన్న కాగితం అక్కడే దొరుకుతుంది. గ్రూపులో ఏం చూసినా చివరికి సరిపోల్చుకోవాల్సింది దానితోనే. కానీ కొత్త నోటీసును పాతదాని మీద జిగురుతో అంటించేస్తారు, కింద ఉన్న గడువు ఇంకా దాటి ఉండదు. అద్దాల పెట్టె ఉన్న బడుల్లో తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక నిరుటి క్రీడల జాబితా అలాగే ఉంటుంది. ఆరు మార్కులు.

మెగా పేరెంట్ టీచర్ మీటింగులు ఈ బోర్డు పనిని కొంత తీర్చాయి. మొదటిది 2024 డిసెంబరు 7న జరిగింది, ఆ రోజు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కడప మున్సిపల్ హైస్కూలుకు వచ్చారు. తర్వాతివి 2025 జులై 10న, డిసెంబరు 5న. ముగ్గుల పోటీలు, తాడులాగుడు, భోజనాలతో పండగలా ఉంటుంది, ఉండనీయండి. ఆ సందడిలోనే క్లాస్ టీచరు దగ్గర పావుగంట కూర్చుని నాలుగు చూసుకుంటే పోయిన కూలి దక్కినట్టే. బడి రికార్డులోని పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయా? అపార్ ఐడీ (విద్యార్థికిచ్చే దేశవ్యాప్త గుర్తింపు నంబరు) అయిందా? హాజరు 75 శాతానికి తగ్గిందా? రికార్డులో ఉన్న ఫోను నంబరు ఇప్పటికీ పనిచేసేదేనా? ఈ చివరిది ఎవరూ అడగరు. సిమ్ మార్చిన ఇంటికి ఏ కబురూ రాదు.

దినపత్రికల జిల్లా పేజీలకు ఐదు. నోటిఫికేషన్ తప్పకుండా వస్తుంది గానీ మూడు వేళ్ల వెడల్పులో, ‘వివరాలకు వెబ్‌సైట్ చూడగలరు’ అనే ముక్తాయింపుతో. కత్తిరించి నెట్ సెంటరుకు పట్టుకెళ్లడానికి మాత్రం పనికొస్తుంది.

ఫార్వర్డ్‌లకు సున్నా వేయాలని ఉన్నా అంత తేలిగ్గా తేలదు, ఎందుకంటే వాటిలో సగం నిజమైన కాగితాలే. 2025 దసరా సెలవులు అకడమిక్ క్యాలెండర్‌లో సెప్టెంబరు 24 నుంచి అని ఉన్నాయి, తర్వాత 22 నుంచి అని మార్చారు. అదే ఏడాది పదో తరగతి సాంఘిక శాస్త్రం పరీక్ష మార్చి 31న జరగాల్సింది, రంజాన్ వల్ల ఏప్రిల్ 1న జరిగింది. రెండు సందర్భాల్లోనూ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కనే తిరిగాయి, రెండూ అసలైనవే. కాబట్టి ముందు చూడాల్సింది ఉత్తర్వు ఇచ్చిన తేదీ. రెండిట్లో ఏది తర్వాతిదో అదే చెల్లుతుంది.

వాన సెలవుల్లో ఇంకో పేచీ. 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల మన కర్నూలు నుంచి విడిపోయిన వేరే జిల్లా. అక్కడి కలెక్టరు ఇచ్చిన సెలవు ఆదోనికి వర్తించదు, కానీ ఆళ్లగడ్డలో చుట్టాలున్నవాళ్ల ఫోను నుంచి అది రాత్రి తొమ్మిదికల్లా ఇక్కడికి చేరిపోతుంది. జిల్లా పేరు, తేదీ, ఆర్‌సీ నంబరు (ఉత్తర్వు మీద ఉండే ఫైలు నంబరు), సంతకం నాలుగూ కనబడకపోతే పిల్లల్ని బడికి తయారు చేయడమే మేలు. ‘రేపు’ అని ఉండి తేదీ లేని వీడియో ముక్కలను అసలు లెక్కలోకి తీసుకోవద్దు. మధ్యాహ్న భోజనం మెనూ ఫార్వర్డ్‌లూ ఇంతే. రాష్ట్రాన్ని నాలుగు జోన్లు చేసి ప్రాంతానికో మెనూ ఇచ్చారు, కృష్ణా జిల్లా పట్టిక చూసి ఇక్కడి వంటమనిషితో గొడవపడితే లాభం లేదు.

గ్రూపు నడిపే బడులకు ఆఖరుగా ఒకటి. బదిలీలు వేసవిలో వస్తాయి. గ్రూపు అడ్మిన్ ఒక్క టీచరే అయితే ఆమె పత్తికొండకో ఆలూరుకో వెళ్లగానే గ్రూపు ఆమెతో పాటు పోతుంది, నంబర్లన్నీ మళ్లీ మొదటి నుంచి పోగుచేసుకోవాలి. హెడ్మాస్టరును, తల్లిదండ్రుల కమిటీ నుంచి ఒకరిని జూన్‌కు ముందే అడ్మిన్లుగా చేర్చి పెట్టండి.