లైబ్రరీకి ఏది మేలు: ఫేస్‌బుక్ పేజీనా, పుస్తకాల సైటా?

లైబ్రేరియన్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "మాకు ఫేస్‌బుక్ పేజీ ఉంది, వాట్సాప్ ఉంది. గుడ్‌రీడ్స్, లైబ్రరీథింగ్ లాంటి పుస్తకాల జాబితాలు పెట్టుకునే సైట్లు కూడా కావాలా?" చాలామంది జనం ఎక్కడ ఎక్కువగా ఉన్నారో చూసి తేల్చేస్తారు. ఆ లెక్కన ఫేస్‌బుక్‌కు ఎదురే లేదు. కానీ ఈ పనికి చిన్న లైబ్రరీ కేటాయించగలిగేది ఒక మనిషిని, వారానికి రెండు మూడు గంటలు. ఆ గంటల్లో చేసిన పని ఆరు నెలల తర్వాత కూడా పాఠకుడికి అక్కరకొస్తుందా? నేను ముందు చూసేది అదే.

ఫేస్‌బుక్ పోస్టు ఆయుష్షు ఒకటి రెండు రోజులు. 2018 జనవరిలో స్నేహితులు, బంధువుల పోస్టులకు పెద్దపీట వేస్తూ ఫేస్‌బుక్ తన ఫీడ్‌ను మార్చింది. పేజీల పోస్టులు వెనక్కిపోయాయి. పేజీని అనుసరించేవాళ్లలోనూ కొందరికే అవి కనిపిస్తాయి. కొత్త పుస్తకాల జాబితా ఎంత శ్రద్ధగా పెట్టినా, వచ్చే నెల అదే విషయం మీద పుస్తకం కావలసినవాళ్లకు ఆ పోస్టు దొరకడం కష్టం. జాబితాను బొమ్మగా పెడితే నష్టం ఇంకా ఎక్కువ. బొమ్మలోని పేర్లు వెతికితే దొరకవు, చూపులేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు సరిగా అందవు. బొమ్మ కింద పేర్లన్నీ మళ్లీ టైపు చేయాల్సిందే.

అయినా ఫేస్‌బుక్ అవసరమే. రేపు సెలవని చెప్పాలన్నా, కథల కార్యక్రమానికి పిలవాలన్నా, అసలు లైబ్రరీ గడప తొక్కనివాళ్లకు అదొకటుందని తెలియాలన్నా అదే దారి. సొంత పేజీలో రోజూ పోస్టు పెట్టడం కన్నా, స్థానికుల గ్రూపుల్లో ఎవరైనా పుస్తకం గురించి అడిగినప్పుడు వెళ్లి జవాబివ్వడం ఎక్కువ ఫలితమిస్తుంది. లైబ్రరీ పేరుతో ప్రొఫైల్ కాదు, పేజీ తెరవాలి. ప్రొఫైల్‌కు 5,000 మంది స్నేహితుల హద్దుంది, పైగా సంస్థ పేరుతో వ్యక్తిగత ప్రొఫైల్ నడపడం నిబంధనలకు విరుద్ధం. పేజీ మీద పూర్తి అధికారం కనీసం ఇద్దరికి ఇవ్వాలి. ఒక్కరే అడ్మిన్‌గా ఉండి బదిలీ అయిపోతే పేజీ తాళం వారితోనే పోతుంది.

వాట్సాప్‌లో గ్రూపు కంటే ఛానల్ మేలు. గ్రూపులో సభ్యుల ఫోన్ నంబర్లు అందరికీ కనిపిస్తాయి, ఛానల్‌లో ఒకరి నంబరు మరొకరికి కనిపించదు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద రాసిన లింకు నొక్కినా తెరుచుకోదు కాబట్టి కేటలాగు (పుస్తకాల పట్టిక) లింకును బయోలో, అంటే ప్రొఫైల్ పైనుండే పరిచయంలో ఉంచాలి. ఎక్స్, టెలిగ్రామ్ మీ పాఠకులు అక్కడున్నారని రూఢిగా తెలిస్తేనే.

ఇక పుస్తకాల సైట్లు. గుడ్‌రీడ్స్ 2007లో మొదలైంది, 2013లో అమెజాన్ చేతికి వెళ్లింది. చదువరులు దండిగా ఉన్నారు, చర్చా గ్రూపు నడపడానికి బాగుంటుంది. లైబ్రరీ అవసరాల కోసం కట్టింది మాత్రం కాదు. ఒక సైటు సమాచారాన్ని ఇంకో సైటు నేరుగా తీసుకోవడానికి కావలసిన అనుమతులను ఏపీఐ కీలంటారు. 2020 డిసెంబరులో గుడ్‌రీడ్స్ కొత్తవి ఇవ్వడం ఆపేసింది. అక్కడి సమాచారాన్ని తమ వెబ్‌సైటులోకి కొత్తగా తెచ్చుకుందామనుకున్నవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. స్టోరీగ్రాఫ్ అనే మరో పుస్తకాల సైటు చదివేవాళ్లకు మంచిది, లైబ్రరీకి పెద్దగా పనికిరాదు.

నా మొగ్గు 2005లో మొదలైన లైబ్రరీథింగ్ వైపు. పుస్తకం మీద ముద్రించే గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్ కొడితే వేల లైబ్రరీల కేటలాగుల్లోంచి వివరాలు తెస్తుంది. 20,000 వరకు పుస్తకాలున్న చిన్న లైబ్రరీలకు దానిదే టైనీక్యాట్ అనే కేటలాగు ఉంది. దానికి చందా కట్టాలి. ఐఎస్‌బీఎన్ పద్ధతి స్థిరపడింది 1970లో. అంతకుముందు అచ్చయిన పుస్తకాలను పేరు, రచయితతో వెతికి ఎక్కించాలి, దొరకకపోతే చేత్తో నింపాలి. కొందరు ప్రచురణకర్తలు పాత నంబరునే వేరే పుస్తకానికి వాడేస్తారు, అందుకే ప్రతి పుస్తకానికీ తెర మీది పేరును చేతిలోని ముఖపత్రంతో పోల్చుకోవాలి.

అసలు విలువ ట్యాగుల్లో, అంటే పుస్తకానికి మనం తగిలించే చిన్న గుర్తుమాటల్లో ఉంది. లైబ్రరీలు విషయాన్ని బట్టి పుస్తకానికి వేసే డ్యూయీ నంబరు చెప్పలేనిది పాఠకుడి మాటలో రాసిన ట్యాగు చెబుతుంది: "పెద్ద అక్షరాలు", "పోటీ పరీక్షలు", "పదేళ్లలోపు". ముందే ఇరవై ముప్పై ట్యాగులు ఖరారు చేసి, స్పెల్లింగుతో సహా కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి. ఒకరు "వంట" అని, ఇంకొకరు "వంటలు" అని రాస్తే పుస్తకాలు రెండు చోట్ల చీలిపోతాయి. ట్యాగుల మధ్య కామా మరిస్తే రెండూ కలిసి ఒకే ట్యాగవుతాయి.

ప్రత్యేక సైటులో పెట్టిన శ్రమ ఎలా తిరిగొస్తుందో ఫొటోల సైటు ఫ్లికర్‌లో సంస్థలు పాత ఫొటోలు పంచుకునే ఫ్లికర్ కామన్స్ చూపించింది. 2008 జనవరిలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సుమారు 3,000 పాత ఫొటోలను అక్కడ ఉంచింది. చూసినవాళ్లు ఫొటోల్లోని మనుషులను, చోట్లను గుర్తుపట్టి వ్యాఖ్యలు రాశారు. వాటిని సరిచూసుకుని లైబ్రరీ తన కేటలాగులో వందల రికార్డులను సవరించింది.

చిన్న సైట్లు మూతపడతాయన్న భయం నిజమే. 2016లో షెల్ఫారి అనే పుస్తకాల సైటు మూతపడింది. ఎవరికి వారు సొంత సోషల్ నెట్‌వర్కు పెట్టుకోనిచ్చే నింగ్ 2010లో ఉచిత నెట్‌వర్కులు ఎత్తేసింది. కానీ పెద్ద సోషల్ నెట్‌వర్కులూ పోయాయి: ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో. లైబ్రరీథింగ్, గుడ్‌రీడ్స్ రెండింటిలోనూ మీ పుస్తకాల జాబితా ఫైలుగా దించుకోవచ్చు. మూడు నెలలకోసారి దించి సొంత కంప్యూటర్లో ఉంచండి. గ్రూపు చర్చలు అందులో రావు, కావలసినవి విడిగా కాపీ చేసుకోవాలి. ఫేస్‌బుక్ నుంచి మీ పోస్టులు తెచ్చుకోగలరు గానీ అనుచరులను తెచ్చుకోలేరు.

ఎక్కడున్నా ఒక నియమం తప్పకూడదు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో బహిరంగంగా రాయొద్దు. "మీ పుస్తకం గడువు దాటింది" అనే మాట కూడా కామెంటులో కాదు, ఫోన్లోనే చెప్పాలి. సభ్యుల పుస్తకాల సైటు ఖాతాలను లైబ్రరీ రికార్డులతో కలపొద్దు.

పిల్లల లైబ్రరీకైతే నా మొగ్గు మారుతుంది. ఫేస్‌బుక్ ఖాతాకు కనీస వయసు 13, అందుకే అక్కడ మాట్లాడాల్సింది తల్లిదండ్రులతో. వారికి వాట్సాప్ ఛానల్ చాలు. అందులో పుస్తకాల ముఖపత్రాలు పెట్టండి. పిల్లల ఫొటోలు మాత్రం తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే, పేర్లు లేకుండా.